అత్తగారితో ఓడెక్కిన సాయంత్రం

మా అత్తగారు పోయి నెల దాటింది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఆవిడ శాంతమూర్తి అన్నారు. ఎదురు చెప్పే ఓపిక లేక తలూపాను. నిజానికి ఆవిడ శాంతమూర్తి కాదు. పోయినవాళ్ళ గురించి అందరూ అవే నాలుగు మాటలు అంటారు. వింటున్నకొద్దీ మనకు తెలిసిన మనిషి కొంచెం కొంచెంగా చెరిగిపోతుంది. మొన్న ఆవిడ బీరువా సర్దుతుంటే చీరల మడతల్లో ఒక ఫోటో దొరికింది. అందులో ఇద్దరు ఆడవాళ్ళం నేత చీరలు కట్టుకుని, చెరో చేత్తో ఒకే తాడు పట్టుకుని నిలబడి ఉన్నాం. మా వెనక ఓడ స్తంభం ఉంది, దాని పైభాగం ఫోటోలో పట్టలేదు. నేను నవ్వు ఆపుకుంటున్నాను. ఆవిడ తల పైకెత్తి, నోరు కాస్త తెరిచి చూస్తున్నారు. కింద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాల్లో నూతన దంపతులకు శుభాకాంక్షలు అని అచ్చువేసి ఉంది. మా అమ్మాయి చూసి, "ఇదేంటమ్మా, నీ హనీమూన్‌లో నాన్నమ్మ ఎందుకుంది?" అంది. మీ నాన్నకి సెలవు దొరకలేదన్నాను. అది చాలాసేపు నవ్వింది. నెల తర్వాత మా ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అదే. అందుకే ఈ సంగతి రాయాలనిపించింది.

అప్పుడు మేం మదీనాగూడలో ఒక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. మదీనాగూడ అంటే అప్పటికి ముంబై హైవే పక్కన కొన్ని ఇళ్ళు, మధ్య మధ్య ఖాళీ జాగాలు, రాత్రీ పగలూ లారీల హారన్లు. మా ఇంటికి పడమటి పక్క యాదమ్మ ఇల్లు. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, గేదెల్ని పెట్టుకుని పాలు పోసేది. పొద్దున లేవగానే ఆ గేదెల పేడ వాసన, మా వంటింట్లోంచి ఇంగువ వాసన, హైవే మీంచి డీజిలు వాసన కలిసి వచ్చేవి. మావారు శ్రీధర్ కొండాపూర్ మీదుగా స్కూటరు మీద హైటెక్ సిటీలో ఆఫీసుకి వెళ్ళేవారు. దారి పొడుగునా కొత్త భవనాల కోసం బండలు పేల్చేవాళ్ళు. సాయంత్రం తిరిగొచ్చేసరికి దుమ్ముతో ఆయన కనుబొమ్మలు తెల్లబడి ఉండేవి. మా అత్తగారు గుమ్మంలోనే ఆపి, పాత తువ్వాలుతో దులిపి, తన కొడుకేనని ఖాయం చేసుకున్నాక లోపలికి రానిచ్చేవారు.

ఆవిడ తణుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి వచ్చారు. మామగారు మావారి చిన్నతనంలోనే పోతే ఆ ఉద్యోగం మీదే కొడుకుని చదివించారు. ఉద్యోగం వదిలినా అలవాట్లు వదల్లేదు. ఇంట్లో ఫోను కింద కుట్టుపని చేసిన గుడ్డ, పైన ఇంకో గుడ్డ. పొద్దున స్నానం కాగానే దేవుడి పటాల తర్వాత తుడిచేది ఫోనునే. ట్రంకు కాల్ మూడు నిమిషాలు గనక లోకంలో ఏ సంభాషణకైనా మూడు నిమిషాలు చాలని ఆవిడ నమ్మకం. ఎవరైనా కూర్చుని కబుర్లు చెబుతుంటే ఒక దశలో, ఎక్స్ఛేంజిలో టైమైపోయినప్పుడు అడిగినట్టే మర్యాదగా, "పొడిగించమంటారా?" అని అడిగేవారు. చాలామంది లేచి వెళ్ళిపోయేవాళ్ళు. కొత్త కోడలిగా నాకు ఆవిడంటే భయం. నన్ను తిట్టేవారు కాదు. వంటింట్లోకి రానిచ్చేవారు కాదు, అంతే. గుమ్మం దగ్గర నిలబడితే, "నువ్వు వెళ్ళి పుస్తకం చదువుకో అమ్మాయ్" అనేవారు. నేను తెలుగు ఎమ్మే. ఆ మాట గౌరవమో ఎగతాళో ఆరేడు నెలలపాటు తేల్చుకోలేకపోయాను. అలా పుస్తకాలు చదువుతూ, ఎసరు ఎంత పెట్టాలో తెలియకుండా, ఆ ఇంట్లో సుఖంగా, కాస్త అవమానంగా బతికాను.

సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములన్నీ రెండువేలు రాగానే తికమక పడతాయని ప్రపంచం భయపడుతున్న రోజులవి. ఆ భయమే మా ఇంటి కిరాయి కడుతోంది. మావారికి అప్పగించినది తెరచాప ఓడల మీద జనాన్ని విహారానికి తిప్పే ఒక విదేశీ కంపెనీ ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాము లెక్కన వచ్చే జనవరిలో ఓడ ఎక్కాల్సినవాళ్ళంతా వందేళ్ళ కిందటే దిగిపోయారు. మావారు రాత్రింబవళ్ళు కూర్చుని వాళ్ళని మళ్ళీ ఓడ ఎక్కించారు. ఆ కంపెనీవాళ్ళు సంతోషించి, వాళ్ళ ఓడ ఒకటి గోవా నుంచి కొచ్చిన్ వెళుతోందని, కొత్తగా పెళ్ళయినవాడు గనక భార్యతో రమ్మని ఇద్దరికి చోటిచ్చారు. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి సినిమాకి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. నేను ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. బయల్దేరే వారం ముందు మేనేజరు, పని ఇంకా మిగిలి ఉందని, శ్రీధర్ కదిలితే ఓడలు కదలవని సెలవు రద్దు చేశాడు.

మావారు ఆ రాత్రి అన్నం కలుపుతూ, "వసుధా, నువ్వు మీ అక్కతో వెళ్ళు" అన్నారు. మా అక్క అప్పుడు నిండు నెలల్లో ఉంది. "స్నేహితురాలెవరితోనైనా" అన్నారు. నాకు హైదరాబాదులో స్నేహితురాళ్ళు లేరు. అత్తగారు నెయ్యి వడ్డిస్తూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"నేను వెళ్తాను."

"అమ్మా, అది ఓడ."

"అయితే ఏం? రైల్లో వెళ్ళలా?"

"అది హనీమూన్‌కి ఇచ్చారమ్మా."

"ఇచ్చిందాన్ని వదిలేస్తామా? పిల్ల ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. నాకు కనబడదనుకున్నారా?" అని ఆవిడ మజ్జిగ కోసం లోపలికి వెళ్ళిపోయారు. మావారు ఆఫీసులో తన పేరు తీసేసి తల్లి పేరు ఎక్కించారు. నూతన దంపతులు అన్న గుర్తు తీసేయడానికి మాత్రం ఆ ప్రోగ్రాములో వీలులేదట. ఆ సంగతి మాకు చెప్పలేదు.

అసలు చిక్కు ప్రయాణం రోజు విషయంలో వచ్చింది. గోవా బస్సు ఆదివారం సాయంత్రం. గోవా మనకి పడమర. ఆదివారం పడమటికి వారశూల, ప్రయాణం కూడదు. పైగా ఓడ ఎక్కేది కార్తీక సోమవారం. మామగారు పోయినప్పటినుంచి అత్తగారు కార్తీక సోమవారాలు తప్పలేదు. పగలంతా ఉపవాసం. చీకటి పడ్డాక దీపం పెట్టి, చుక్కని చూసి, తన చేత్తోనో ఇంటివాళ్ళ చేత్తోనో వండింది మాత్రమే తింటారు. దీపం లేకపోతే ఆ రాత్రి కూడా పస్తే. ప్రయాణంలో కూడా ఈ పద్ధతి మారదు. అందుకని ఒక సంచి సర్దారు. అందులో మట్టి ప్రమిద, వత్తులు, నూనె సీసా, బియ్యం, పెసరపప్పు, అటుకులు, ఒక గిన్నె, చిన్న వత్తుల స్టవ్వు. వారశూలకి విరుగుడుగా ఆ సంచితో శనివారమే ప్రస్థానం పెట్టారు. అంటే మంచి రోజున, మంచి వేళలో ఒక వస్తువుని మనం వెళ్ళే దిక్కున ఉన్న పొరుగింట్లో ఉంచుతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే, మనుషులు తర్వాత ఎప్పుడు కదిలినా దోషం ఉండదు. చాలామంది ఏ తువ్వాలో పెట్టి ఊరుకుంటారు. అత్తగారికి అది మోసంలా తోచింది. ముఖ్యమైన సంచి కదిలితేనే మనం కదిలినట్టని స్వయంగా తీసుకెళ్ళి యాదమ్మ అరుగు మీద పెట్టారు. నేను పాల గిన్నె పట్టుకుని వెనకే ఉన్నాను.

"ఏందమ్మా గిది? మీరు రేపు పొయ్యేది, సంచి ఇయ్యాల్నే పోతదా?" అంది యాదమ్మ.

"ఇవాళ్టికి మేం బయల్దేరినట్టే యాదమ్మా. రేపు వెళ్తూ తీసుకుంటాం."

"బయలెల్లినోళ్ళు మల్ల పాలకెందుకొచ్చిండ్రు?"

"పాలు ఇంటికి. మేం బయల్దేరాం."

"గట్లనా. సరే తియ్యి. కోళ్ళు గిట్ల దాంట్ల మూతి పెడ్తే నన్ననొద్దు, మీ సంచి ఇగ నా ఇంట్ల లేదాయె, గోవా తొవ్వల ఉంది."

మరునాడు సాయంత్రం ఆటో వచ్చింది. పెట్టెలు ఎక్కించాం. హైవే మీద బస్సు ఎక్కించడానికి మావారు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. ఎదురు ఎవరూ రాకుండా అత్తగారు వీధి అటూ ఇటూ చూసి, "పోనీ" అన్నారు. ఆటో యాదమ్మ ఇల్లు దాటి నాలుగిళ్ళు ముందుకు వచ్చిందో లేదో వెనకనుంచి కేక.

"అమ్మా, ఓ అమ్మా, జర ఆగుండ్రి."

నేను తల తిప్పబోయాను. అత్తగారు నా గడ్డం పట్టుకుని ముందుకు తిప్పారు. బయల్దేరాక వెనకనుంచి పిలిస్తే ఆగకూడదు, చూడకూడదు. "ఎప్పుడు పిలవాలో కూడా తెలీదు ఈవిడకి" అన్నారు. డ్రైవరు అద్దంలో చూసి, "ఉరుకొస్తుంది అమ్మా, ఆపాల్నా?" అన్నాడు. "వద్దు నాయనా, ఇంకాస్త తొందరగా పోనీ" అన్నారు ఆవిడ. యాదమ్మ బక్క మనిషే గానీ గొంతు పెద్దది. హైవే మలుపు దాకా వినబడింది. మేం ముగ్గురం ముందుకే చూస్తూ కూర్చున్నాం.

రాత్రంతా బస్సు. పొద్దున గోవాలో దిగాక ఒక చావడిలో మొహాలు కడుక్కున్నాం. నేను టీ, బన్ను తీసుకున్నాను. ఆవిడ మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. మధ్యాహ్నం చిన్న పడవలో మమ్మల్ని ఓడ దగ్గరికి తీసుకెళ్ళారు. నది సముద్రంలో కలిసేచోట లంగరేసి ఉంది. తెల్లటి ఒళ్ళు, మూడు పొడుగాటి స్తంభాలు, వాటి నుంచి లెక్కలేనన్ని తాళ్ళు. తెరచాపలు ఇంకా చుట్టే ఉన్నాయి. అత్తగారు పడవలోంచి తల ఎత్తి చూసి, "ఇన్ని తీగలు ఉన్నాయి, ఏది దేనికి వెళ్తుందో ఎలా గుర్తుపెట్టుకుంటారో" అన్నారు. ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషికి వచ్చే అనుమానమే అది. పైకి చేరగానే ఒక ఆఫీసరమ్మ ఎదురొచ్చింది. పొడుగాటి విదేశీ మనిషి, ఎండకి ముక్కు కందిపోయింది. చేతిలో కాగితం, మొహంలో పెళ్ళివారిని చూసిన నవ్వు. మా ఇద్దరినీ చూసింది, మా వెనక చూసింది, పడవలోకి వంగి చూసింది. పెళ్ళికొడుకు ఎక్కడా కనిపించకపోయేసరికి ఏమీ అడగకుండా గది చూపించి వెళ్ళిపోయింది.

గది మా మదీనాగూడ ఇంటి సామాను గదంత ఉంది. ఒకే మంచం. దాని మీద తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నాయి. చుట్టూ గులాబీ రేకులు. బల్ల మీద స్టీలు బకెట్‌లో మంచు, అందులో మెడ దాకా మునిగిన సారా సీసా. నాకు ఎటు చూడాలో తెలియలేదు. అత్తగారు మాత్రం ఒక్కొక్కటీ పరిశీలించారు. "శుభ్రమైన తువ్వాళ్ళని ఇలా ముడేసి పెడతారా?" అని హంసల్ని విప్పి, నాలుగు మడతలు వేసి అలమారలో పెట్టారు. రేకుల్ని ఏరి, "పూజకి పనికొస్తాయి" అని రుమాలులో కట్టారు. సీసాని చూసి, "దీన్ని గోడవైపు తిప్పు" అన్నారు. గాజు సీసాకి ముందువైపు ఏదో వెనకవైపు ఏదో నాకు తెలియలేదు. కాగితం అంటించిన వైపుని గోడకి తిప్పాను. ఆవిడ తృప్తిపడి, "సంచి ఇలా ఇవ్వు, సాయంత్రానికి సర్దుకుంటాను" అన్నారు.

ఏ సంచి అన్నాను. ఆవిడ నా మొహం చూశారు, నేను ఆవిడ మొహం చూశాను. యాదమ్మ గొంతు మళ్ళీ ఆ చిన్న గదిలో వినిపించినట్టయింది. మా సామానంతటిలో శాస్త్రప్రకారం బయల్దేరింది ఆ సంచి ఒక్కటే, గోవా రానిదీ అదొక్కటే.

అత్తగారు మంచం అంచున కూర్చున్నారు. కాసేపటికి, "ఓడ ఎప్పుడు కదులుతుంది?" అన్నారు. కనుక్కుని వచ్చాను. రాత్రి భోజనాల దాకా ఇక్కడే లంగరేసి ఉంటుంది. ఊళ్ళోంచి వచ్చిన బ్యాండు వాళ్ళు పాటలు వాయిస్తారు. భోజనాలయ్యాక వాళ్ళు పడవలో ఒడ్డుకి వెళ్ళిపోతారు. ఆ తర్వాత తెరచాపలు ఎత్తుతారు. ఇక మధ్యలో దిగే చోటు లేదు.

"అయితే బ్యాండు వాళ్ళ పడవలో దిగిపోదాం. పస్తుంటే నాకు ఫరవాలేదు గానీ, దీపం లేని సోమవారం నా వల్ల కాదమ్మాయ్. ఊళ్ళో ఏదో గుడి ఉండకపోదు, అక్కడ పెట్టుకుంటాను. రేపు బస్సు దొరుకుతుంది."

నేను సరేనండి అన్నాను. కొత్త కోడళ్ళు అప్పట్లో అలాగే అనేవాళ్ళు. గది కిటికీ గుండ్రంగా, పళ్ళెమంత ఉంది. అందులోంచి సముద్రం కనిపిస్తోంది. అంతవరకు నేను వెళ్ళిన దూరప్రయాణమంటే పెళ్ళికి ముందు రాజమండ్రి, పెళ్ళి తర్వాత మదీనాగూడ. నాకు దిగాలని లేదు. అది చెప్పే మాట నాకు దొరకలేదు. ఎమ్మే అక్కరకి రాలేదు. మా పెట్టెల్ని మెట్ల దగ్గర పెట్టించి, నేను ఆఫీసరమ్మని వెతుక్కుంటూ వెళ్ళాను.

మేం ఎందుకు దిగిపోతున్నామో ఆఫీసరమ్మ ఓపిగ్గా విన్నది. దీపం మాట వినగానే తల అడ్డంగా ఊపింది. చెక్క, గుడ్డ, తాళ్ళు, తారు, ఇవన్నీ ఉన్న ఓడ మీద అగ్గిపుల్ల కూడా గీయకూడదట. వత్తుల స్టవ్వు సంగతి వినేసరికి మొహం పాలిపోయింది. ఆ సంచి వచ్చి ఉంటే కప్తాను గదిలో తాళం వేసి పెట్టేవాళ్ళమంది. ఆ మాట నేను అత్తగారికి చేరవేయలేదు. కానీ పొద్దుటినుంచి ఒక పెద్దావిడ ఏమీ తినలేదన్న సంగతి ఆఫీసరమ్మ మనసుకి పట్టింది. నన్ను ఓడ వంటింట్లోకి తీసుకెళ్ళింది. అక్కడి వంటాయన భారీ మనిషి, మెడలో తడి తువ్వాలు. అన్నం రాత్రికి తనే వండుతున్నానన్నాడు. కాదు, నేను వండాలన్నాను. ఎందుకన్నాడు. ఆవిడ కోడల్ని గనక అన్నాను. ఆయన గరిట పక్కన పెట్టి, తనకీ అత్తగారు ఉందని చెప్పి, ఒక పొయ్యి ఖాళీ చేశాడు.

మాంసం తగలని గిన్నె ఒక్కటీ లేదు. ఆయన గిన్నెలన్నీ చూసి నిజాయితీగా తల అడ్డంగా ఊపేశాడు. అప్పుడు నాకు గదిలోని స్టీలు బకెట్ గుర్తొచ్చింది. ఆ వంటింటి పైకప్పుకి గాలి కోసం ఒక కిటికీ తలుపు ఉంది, అది ఓడ పైభాగంలోకి తెరుచుకుంటుంది. అత్తగారు వంటింట్లో కాలు పెట్టనన్నారు. ఆ తలుపు పక్కన ఒక కుర్చీ వేయించుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"సీసా మూత తీశారా?" అన్నారు పైనుంచి.

"లేదండి."

"అయితే మంచు పెట్టిన గిన్నే. తప్పులేదు. బూడిదతో తోము."

బూడిద ఉందా అని అడిగాను. వంటాయన బాధపడ్డాడు. ఉప్పు, నిమ్మచెక్కలు ఇచ్చాడు. తోమాను.

"నేను తినేది లేదు, తెలుసుగా. దీపం లేనిదే తినను. నీకోసం చెప్తున్నాను."

"తెలుసండి."

"బియ్యం కొత్తవా పాతవా?"

"తెల్లగా ఉన్నాయండి."

"ఎసరు ఎంత పెట్టావు?"

"సగం బకెట్ అండి."

"బియ్యం?"

"గుప్పెడండి."

"అమ్మాయ్, ఊరంతటికీ గంజి పోస్తావా? కొంత వంపెయ్."

వంపాను. వంపింది ఎక్కువైంది, మళ్ళీ పోశాను. వంటాయన మా ఇద్దరి మాటలూ అర్థం కాకపోయినా వంతులవారీగా పైకీ కిందకీ చూస్తున్నాడు. పైన ఉన్నది కప్తాను తల్లా అని అడిగాడు. కాదు, నా భర్త తల్లి అన్నాను. తన ఓడలో ఇంత స్పష్టంగా ఎవరూ ఆజ్ఞలివ్వరన్నాడు. అన్నం కుతకుతమంటుంటే, పరమాన్నానికి పాలు అప్పుడే పోయాలా వద్దా అన్న చర్చ మొదలైంది. అది తేలేలోపే నేను పోసేశాను. పైనుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఆ నిట్టూర్పు పూర్తయ్యేలోపు ఓడ గంట మోగింది. ఎవరో మైకులో నూతన దంపతులు ముందుకు రావాలని పిలుస్తున్నారు.

ఆ ఓడకి ఒక ఆనవాయితీ ఉంది. మొదటి సాయంత్రం చీకటి పడుతుండగా పాతకాలపు పెద్ద ఇత్తడి లాంతరుని తాడు కట్టి నడిమి స్తంభం కొసకి ఎత్తుతారు. ఆ తాడు లాగే గౌరవం కొత్తగా పెళ్ళయిన జంటది. పొయ్యి సన్నం చేయమని వంటాయనకి సైగ చేసి పైకి పరుగెత్తాను. జనం గుండ్రంగా నిలబడ్డారు. బ్యాండువాళ్ళు పెళ్ళిపాట అందుకున్నారు. ఆఫీసరమ్మ కాగితం చూసి, మమ్మల్ని చూసి, ఏదో అనబోయి ఆగింది. అత్తగారు కొంగు నడుముకి బిగించి ముందుకొచ్చారు. టెలిఫోన్ ఇంగ్లీషు బయటికి తీశారు. "మై సన్ ఈజ్ ఇన్ ఆఫీస్. ఐ యామ్ స్పీకింగ్ ఫర్ హిమ్." జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతే ఆవిడ చూపు లాంతరు మీద పడింది.

"నిప్పు కూడదన్నారుగా?" అని నన్నడిగారు. నేను ఆఫీసరమ్మని అడిగాను. లోపల బ్యాటరీ బల్బు అంది. అత్తగారు లాంతరు చుట్టూ ఉన్న ఇత్తడి చిల్లుల్ని చూశారు. స్తంభాన్ని కిందనుంచి పై దాకా చూశారు. తాడు ఎక్కడినుంచి ఎక్కడికి వెళుతోందో చూశారు. "ఇప్పుడు గుళ్ళల్లోనూ బల్బులే పెడుతున్నారు" అని తనలో తాను అన్నట్టు అన్నారు. అప్పుడు నాకు తట్టింది. కార్తీకమాసంలో శివాలయాల్లో సాయంత్రం ధ్వజస్తంభం మీదికి చిల్లుల ఇత్తడి పాత్రలో దీపం పెట్టి తాడుతో ఎత్తుతారు. ఆకాశదీపం. ఆవిడ రుమాలు విప్పి, మంచం మీద ఏరిన గులాబీ రేకులు లాంతరు మీద చల్లారు. జనం అదీ మా దేశపు పెళ్ళి ఆచారమేమో అనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఇద్దరం తాడు పట్టుకున్నాం. "నువ్వు గట్టిగా లాగకు, ఊగుతుంది" అన్నారు. లాంతరు మెల్లిగా తాళ్ళ మధ్య నుంచి పైకి వెళ్ళింది. ఆ క్షణంలోనే ఎవరో ఫోటో తీసినట్టున్నారు. దీపం కొసకి చేరాక ఆవిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. తెరిచాక చుక్క కోసం వెతికారు. ఓడంతా తోరణాల్లా బల్బులు, తాళ్ళు, కర్రలు. చివరికి రెండు తాళ్ళ సందులో ఒకటి దొరికింది. "అదిగో" అని నాకు కూడా చూపించారు.

నాకు అప్పుడు పొయ్యి గుర్తొచ్చింది. కిందికి వెళ్ళేసరికి వంటాయన బకెట్ ముందు అపరాధిలా నిలబడి ఉన్నాడు. ముందే తాకొద్దన్నానని గరిటె కూడా పెట్టలేదట. అడుగు మాడింది. నడుమ ముద్దయింది. పైన పాలు, గంజి కలిసి తేలుతున్నాయి. మూడు రకాల వంటలు ఒకే పాత్రలో. దాన్ని అలాగే గుడ్డతో పట్టుకుని పైకి తీసుకెళ్ళాను. అత్తగారు ఓడ అంచున చెక్కనేల మీద కూర్చున్నారు. కొత్త కాగితం పళ్ళెం అడిగి తెచ్చి, మధ్యలోంచి తీసి వడ్డించాను. పంచదార మాత్రం సరిపోయింది, అది వంటాయన కొలిచి ఇచ్చింది. అటుపక్క బల్లల మీద జనం వేయించిన చేపలు తింటున్నారు. బ్యాండువాళ్ళు చివరి పాట ముగించి, డప్పుల్ని సంచుల్లో పెడుతున్నారు. మెట్ల దగ్గర మా పెట్టెలు నిలబడి ఉన్నాయి. వాటి పక్కన ఒక బ్యాండతను తన బాకా పెట్టాడు.

ఆవిడ ఒక ముద్ద తిన్నారు. నేను ఆవిడ మొహంకేసి చూడకుండా ఆ బాకానే చూస్తూ నిలబడ్డాను. రెండో ముద్ద తిన్నారు. మాడిన పెంకు ఒకటి తీసి పళ్ళెం అంచున పెట్టారు. మూడోది కూడా తిన్నారు. పడవ వచ్చి ఓడ పక్కకి ఆనింది. ఆఫీసరమ్మ మా దగ్గరికి వచ్చి, మీరిద్దరూ దిగుతున్నారా అని నన్ను మెల్లిగా అడిగింది. అత్తగారు వేళ్ళు నాక్కుంటూ, తల ఎత్తకుండా అన్నారు:

"రేపు నీళ్ళు తగ్గించి పెట్టు. పాలు ముందే పోయకు, అన్నం ఉడికాక పోయాలి."

నేను ఆఫీసరమ్మ వైపు తిరిగి, పెట్టెల్ని గదిలోకి పంపించమని చెప్పాను. పడవ వెళ్ళిపోయింది. కాసేపటికి కుర్రాళ్ళు తాళ్ళ మీదికి ఎక్కారు, తెరచాపలు ఒకటొకటిగా విచ్చుకున్నాయి, ఓడ కదిలింది. మర్నాడు నీళ్ళు తగ్గించాను. అప్పుడు గట్టిగా వచ్చింది. "రేపు ఒక్క గ్లాసు పెంచు" అన్నారు. కొచ్చిన్ చేరేసరికి నాకు అన్నం వండటం వచ్చింది. మదీనాగూడ తిరిగొచ్చాక వంటింటి గుమ్మం దగ్గర నేను నిలబడితే పుస్తకం చదువుకోమనడం ఆవిడ మానేశారు. పీట చూపించేవారు. యాదమ్మ మాత్రం మమ్మల్ని చాలాకాలం వదల్లేదు. "పిలిస్తే ఆటో ఉరికిచ్చుకుంట పోతిరి. నేనేమన్న దొంగనా అమ్మా?" అని పాలు పోసినప్పుడల్లా ఒకసారి అనేది.

ఇప్పుడు యాదమ్మ గేదెల కొట్టం ఉన్నచోట చీరల దుకాణం ఉంది, అద్దాల తలుపులతో. హైవే దాటడానికి పాదచారుల వంతెన ఎక్కాలి. శ్రీధర్ ఆఫీసులు చాలా మారారు. అప్పట్లో తప్పుగా కనబడిన వందేళ్ళ కిందటి ప్రయాణికులంతా ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు. మా అమ్మాయి ఏ దిక్కుకైనా ఏ రోజైనా వెళుతుంది. భోజనం ఫోనులో తెప్పించుకుంటుంది. అందులో తప్పేమీ నాకు కనబడదు. మేం పాటించినవాటిలో సగం ఎందుకు పాటించామో అప్పుడూ తెలియదు. కానీ ఒక మనిషికి రోజూ వండిపెట్టడం, ఆ మనిషి రోజూ దిద్దడం అన్నది ఆ తరంతో ఆగిపోయినట్టుంది. ఇన్నేళ్ళలో నా వంట బాగుందని ఆవిడ ఒక్కసారీ అనలేదు. తిన్నాక చెయ్యి కడుక్కోబోతూ, రేపు ఉప్పు చూసి వెయ్యి అనో, రేపు పోపు మాడనివ్వకు అనో ఏదో ఒకటి అనేవారు. నాకు ఆ మాట పొగడ్త కంటే బాగుండేది. అది బయటికి చెప్పుకునే సంగతి కాదు గనక శాంతమూర్తి అన్నవాళ్ళ దగ్గర చెప్పలేదు.

ఆవిడ మంచం పట్టాక, పోయే ముందు ఒక సాయంత్రం జావ కాచి తీసుకెళ్ళాను. దిండుకి ఆనించి కూర్చోబెట్టి, చెంచాతో పట్టాను. చెయ్యి తప్పి ఉప్పు కాస్త ఎక్కువైందని నాకే తెలుసు. ఆవిడ నెమ్మదిగా మొత్తం తాగారు. మూతి తుడిచాను. నేను గ్లాసు పట్టుకుని, ఏమంటారోనని కాసేపు అక్కడే కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "బాగుందమ్మాయ్" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు కడిగి, మావారికి ఫోను చేసి త్వరగా ఇంటికి రమ్మన్నాను.